మామయ్య పక్క సీటు

మా మామయ్యది మరకలు తీసే పని. షాపు బోర్డు మీద డ్రైక్లీనింగ్ అని రాసి ఉంటుంది గానీ చుట్టుపక్కల ఎవరూ ఆ మాట వాడరు, మరకలాయన షాపు అంటారు. కోటు జేబులో పెన్ను కక్కినా, తెల్లటి గౌను మీద తుప్పు మరక పడినా, కొత్త కర్టెన్ మీద పిల్లలు రంగులు పులిమినా అక్కడికే పరుగెత్తేవాళ్ళు. ఆయన బట్టని కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టి, గోటితో గీకి, ముక్కు దగ్గర పెట్టుకుని, అది దేని మరకో, ఇంట్లోవాళ్ళు తొందరపడి దాని మీద ఏం రుద్ది చెడగొట్టారో చెప్పేసేవాడు. చెప్పి ఊరుకునేవాడు కాదు, తిట్టేవాడు. మరక మీద వేడినీళ్ళు పోసేముందు కాస్త బుర్ర పెట్టి ఆలోచించక్కర్లేదా అని పెద్ద పెద్ద ఉద్యోగాల వాళ్ళని కూడా నిలబెట్టి కడిగేసేవాడు. వాళ్ళు తిట్లు తిని మరీ బట్టలు ఇచ్చి వెళ్ళేవాళ్ళు, ఎందుకంటే మరక నిజంగానే పోయేది.

ఆయన మంచివాడని చెప్పడానికి నేను ఇది రాయడం లేదు. అమ్మకి ఒక్కగానొక్క తమ్ముడు, నన్ను భుజాల మీద తిప్పిన మేనమామ, అయినా సరే. మురికి కంటబడితే ఆయనకి మనిషి కనబడడు. మా ఇంటికి భోజనానికి వచ్చినా ముందు నా కాలరు చూసేవాడు, ఆ తర్వాతే నా మొహం.

ఆయన ఒంటికి ఒక వాసన ఉండేది, మరకలు తీసే మందు వాసన. పొద్దునా సాయంత్రం తోలు ఊడేలా రుద్దుకుని స్నానం చేసినా పోయేది కాదు. అది ఎవరికీ పెద్ద ఇబ్బంది కాదు, ఒక్క మా అత్తయ్యకి తప్ప. అత్తయ్య కళ్ళాసుపత్రిలో రిసెప్షన్ దగ్గర కూర్చుంటుంది. చక్కని మనిషి, గొంతు పెంచి మాట్లాడగా నేను వినలేదు. పెళ్ళయిన కొత్తలోనే ఆ వాసన తనకి పడదని మెల్లిగా చెప్పేసింది. అప్పట్నుంచి సినిమా హాల్లో తమ ఇద్దరి మధ్య సీట్లో హ్యాండ్‌బ్యాగ్ పెట్టేది. ఆ బ్యాగ్ కోసం మూడో టికెట్టు మామయ్యే కొనేవాడు. షాపు వ్యానులో ఆవిడ ఒక్కసారి కూడా కాలు పెట్టలేదు. ఎక్కడికైనా ఆయన వ్యానులో ముందు వెళ్తే ఆవిడ వెనకాల బస్సులో వచ్చేది. అలా ఇద్దరూ విడివిడిగా ఒకే పెళ్ళికి వెళ్ళి, విడివిడిగా ఒకే ఇంటికి తిరిగొచ్చేవాళ్ళు. ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడ ఆయన పక్కన కూర్చుని ఒక్క ప్రయాణం చేయలేదు. మామయ్యకి బతుకులో ఇంకేదన్నా కావాలనిపించిందో లేదో నాకు తెలియదు గానీ, అది మాత్రం కావాలనుకున్నాడు.

ఇక ఆయన తోడల్లుడు, అంటే అత్తయ్య అక్క మొగుడు. టైల్స్ షోరూము ఉంది, చేతి నిండా ఉంగరాలున్నాయి. అత్తవారింట్లో ఆయన్ని పెద్దల్లుడుగారు అంటారు, మామయ్యని చిన్నాయన అంటారు. పెద్దల్లుడు గుమ్మంలోకి వస్తే ఎవరో ఒకరు లేచి కుర్చీ ఇస్తారు. చిన్నాయన వస్తే మాసిన బట్టల సంచి చేతికిస్తారు. మామయ్య దాన్ని షాపుకి తెచ్చి, పైసా తీసుకోకుండా శుభ్రం చేసి, మడత నలగకుండా తిరిగి తీసుకెళ్ళి ఇచ్చేవాడు. వాళ్ళు లెక్కపెట్టుకుని తీసుకునేవాళ్ళు.

పెద్దల్లుడికి ఒక ఎర్ర స్పోర్ట్స్ కారు ఉండేది. రెండే తలుపులు, నేలకి జానెడు ఎత్తు. ఆయన కొన్నప్పుడే అది పాతది, ఆ తర్వాత ఇంకొన్నేళ్ళు దాన్ని వాయించి వదిలిపెట్టాడు. మీటరు రెండు లక్షల ఎనభై వేల కిలోమీటర్లు దాటింది. పొద్దున స్టార్ట్ చేస్తే నీలం పొగ వచ్చేది, ఒకవైపు అద్దం దిగితే మళ్ళీ ఎక్కేది కాదు. ఆయన కొత్త పెద్ద కారు బుక్ చేసుకుని, దీన్ని ఎవరికి అంటగట్టాలా అని చూస్తున్న రోజుల్లో అత్తవారింట్లో అందరూ భోజనాలకి కలిశారు. అమ్మా నేనూ కూడా వెళ్ళాం. చిన్నాయన తరఫు వాళ్ళం కాబట్టి గోడ పక్కన ఉన్న చిన్న బల్ల మాకు ఇచ్చారు.

తింటూ తింటూ పెద్దల్లుడు కారు ప్రస్తావన తెచ్చాడు. తమ్ముడూ, నువ్వు తీసుకోరాదూ, నీ చేతిలో పడితే అది కొత్త పెళ్ళికూతురైపోతుంది అన్నాడు. అందరూ నవ్వారు. చిన్నాయన ఆ కారులో ఎలా ఉంటాడో ఒకరు నటించి చూపించారు. అత్తయ్య కూడా నవ్వుతూ, నీళ్ళ గ్లాసు అందుకుంటూ అంది.

"ఆ కారైతే నేను ఈయన పక్కన కూర్చుంటా."

నవ్వులు ఇంకా పెరిగాయి. మాటంటే మాటే అని ఎవరో అన్నారు, సాక్షిని నేనే అని పెద్దల్లుడు అన్నాడు. మామయ్య ఒక్కడే నవ్వలేదు. చెంచా చేత్తో అలాగే పట్టుకుని ఆవిడ వంక చూస్తున్నాడు. ఆ చూపు నాకు తెలుసు. బట్టని వెలుతురుకి పట్టి, ఇది పోతుంది అని తేల్చుకున్నప్పుడు ఆయన అలాగే చూసేవాడు.

కారు కొనడానికి షాపులో రెండో ఇస్త్రీ యంత్రం అమ్మేశాడు. యంత్రం పోయాక దాని మీద పనిచేసే మనిషి అక్కర్లేదు. ఆ మనిషి షాపు తెరిచిన రోజు నుంచీ ఆయనతో ఉన్న ఇస్త్రీ ఆవిడ. మానెయ్యమని ఆవిడతో ఎలా చెప్పాలో ఆయనకి తెలియలేదు, అందుకని చెప్పలేదు. ఆవిడ ఎప్పుడూ వెనక తలుపునుంచి వచ్చేది. ఒక సోమవారం ఆ తలుపుకి లోపల్నుంచి గడియ పెట్టాడు. ఆవిడ తట్టింది, పిలిచింది, తిరిగి ముందువైపుకి వచ్చింది. మామయ్య కౌంటరు దగ్గర తల వంచుకుని ఏదో కోటు కాలరు తుడుస్తూనే ఉన్నాడు. ఆవిడ అద్దం తలుపు బయట టిఫిన్ డబ్బా పట్టుకుని కాసేపు నిలబడి, అర్థం చేసుకుని వెళ్ళిపోయింది. ఈ సంగతి తెలిసి అమ్మ షాపుకి వెళ్ళి తమ్ముణ్ణి దులిపేసింది. అమ్మ అలిసిపోయి ఆగాక, మందు సీసా మూత బిగించుకుంటూ, కారు శనివారం వస్తోందక్కా అన్నాడు.

వచ్చింది. రైలు గేటు అవతల ఒక మెకానిక్ ఉండేవాడు. పాత ఇంజన్లంటే ఆయనకి ప్రాణం, మనుషులంటే మంట. మామయ్య కారు అక్కడికి తీసుకెళ్తే, బానెట్ ఎత్తి, ఇంజన్‌లో నూనె పోసే మూత తీసి లోపలికి టార్చి వేసి చూసి, దీన్ని నీకెవరు అంటగట్టారని అడిగాడు. తోడల్లుడు అని చెబితే, మరి ఇంకేం అని తల ఊపాడట. ఆ తర్వాత చెప్పాల్సినవన్నీ చెప్పాడు. స్టార్ట్ చేయగానే తొక్కకూడదు, వేడి చూపించే ముల్లు మధ్యకి వచ్చేదాకా నెమ్మదిగా పోవాలి. వారం వారం పుల్ల దించి నూనె చూసుకోవాలి, తగ్గితే పోయాలి, అదీ చిక్కటి నూనె పోయాలి. టైమింగ్ బెల్టు వెంటనే మార్చాలి, అది తెగితే ఇంజను తూకానికి అమ్ముకోవడమే. చివర్న గట్టిగా రెండు మాటలు చెప్పాడు.

"లోపల నల్లగా ఉన్నదాన్ని కదిలించకు. ముసలి ఇంజను, అరిగిపోయిన సందుల్లో ఆ మడ్డే అడ్డం పడి నడిపిస్తోంది. ఇంకోటి, మీటర్ల దగ్గర నూనె బొమ్మ లైటు ఎర్రగా వెలిగితే ఎక్కడున్నావో అక్కడే ఆపెయ్. పక్కన పెళ్ళాం పురిటి నొప్పులు పడుతున్నా సరే, ఆపెయ్."

రెండో మాట మామయ్య బుద్ధిగా తలకెక్కించుకున్నాడు. మొదటిదే ఆయనకి మింగుడుపడలేదు.

ఆ కొన్ని నెలలూ ఆయన పడ్డ అవస్థ చూసి నవ్వాలో ఏడవాలో తెలిసేది కాదు. ఆ కారులోకి ఎక్కడం అంటూ ఉండదు, దిగడమే. ముందు నడుం లోపల పడేసి, తర్వాత తల వంచి, ఆఖర్న కాళ్ళు ఒక్కొక్కటే లాక్కోవాలి. స్పీడు బ్రేకరు వస్తే కారుని ఏటవాలుగా తిప్పి ఒక్కో చక్రమే ఎక్కించేవాడు. అయినా దాని పొట్ట గీసుకునేది, ఆ చప్పుడుకి వీధిలో వాళ్ళంతా బయటికి వచ్చి చూసేవాళ్ళు. బెల్టు మార్పిస్తే నీళ్ళ పంపు కారింది. పంపు వేయిస్తే క్లచ్చి మొరాయించింది. క్లచ్చి బాగయ్యేసరికి టైర్లు అరిగిపోయాయని తేలింది. పగలంతా ఇస్త్రీ కూడా తనే చేసుకోవడంతో మోచేతుల దాకా కాలిన మచ్చలు. పెద్దల్లుడు మాత్రం దారిలో కనబడినప్పుడల్లా అద్దం దించి, మన అమ్మాయి ఎలా ఉంది తమ్ముడూ అని పలకరించేవాడు.

ఆదివారాలు సీట్ల పని. మెత్తటి బ్రష్షుతో, తను కలుపుకున్న సబ్బునీళ్ళతో ఆ తోలుని అంగుళం అంగుళం కడిగాడు. పెద్దల్లుడి సిగరెట్ల కంపు, ఎప్పుడో ఒలికిన కాఫీ, ఎవరిదో తలనూనె, ఒక్కొక్కటీ పట్టి తీశాడు. పక్క సీటు మీద ఎక్కువ సేపు పనిచేసేవాడు. తన వాసన కారుకి పట్టకూడదని, కారు నడిపేటప్పటి బట్టలు మా ఇంట్లో పెట్టుకున్నాడు. షాపు మూసి మా ఇంటికి వచ్చి, స్నానం చేసి, అవి వేసుకుని అప్పుడు కారు దగ్గరికి వెళ్ళేవాడు. ఇంత జరుగుతున్నా అత్తయ్య ఒక్కసారి కూడా ఎక్కలేదు. ఎప్పుడెక్కుతావని ఆయన అడిగితే, పెళ్ళికి చూద్దాంలెండి అంది. అత్తయ్య చిన్నాన్న కూతురి పెళ్ళి, కొండ మీద హోటల్లో చేస్తున్నారు. చుట్టాలంతా కార్లలో వెళ్తున్నారు. చుట్టాలంతా చూస్తారు.

పెళ్ళి దగ్గరపడేకొద్దీ ఆయనకి మనసు నిలవలేదు. బయటంతా మెరుస్తోంది, లోపల మాత్రం ఆ మడ్డి అలాగే ఉంది. నూనె మూత తీసినప్పుడల్లా దాని అడుగున అంటుకుని కనబడేది. మెకానిక్కుకి ఇంజన్లు తెలుసేమో గానీ మురికి సంగతి తెలియదు, మురికి వల్ల ఏ వస్తువూ బాగుపడగా తన సర్వీసులో చూడలేదు అని నాతో వాదించాడు. మందుల షాపులో పనిచేసే దాన్ని, నాకు ఇంజన్ల గురించి ఏం తెలుసు. అయినా వద్దన్నాను, తెలిసినవాడు చెప్పాడు కదా విను అన్నాను. నా మాట చెవిన పెట్టలేదు.

షాపు వెనక సందులో కారు పెట్టి, కోట్ల మీది జిడ్డు కరిగించే మందు డబ్బా తెచ్చి ఇంజన్ నూనెలో పోశాడు. ఇంజను కాసేపు ఊరికే తిరగనిచ్చి, కింద బేసిను పెట్టి అంతా దించేశాడు. తారులా దిగింది. మళ్ళీ పోశాడు, మళ్ళీ దించాడు. దిగేది తేటపడ్డాక పల్చటి ఖరీదైన నూనె పోసి నన్ను పిలిపించాడు. మూత తీసి లోపలికి లైటు వేసి చూపించాడు. లోపల ఇనుము తెల్లగా ఉంది. నిజంగా అందంగా ఉంది, కాదనను. ఇంజను చప్పుడు కూడా మెత్తబడింది. పెళ్ళయిన రోజున కూడా ఆయన మొహం అంత వెలిగిపోయి ఉండదు.

ఆ సంబరంలో మెకానిక్కుకి చూపించడానికి వెళ్ళాడు. మెకానిక్ మూత తీసి చూశాడు, చూసి మెల్లిగా మూసేశాడు. ఏం పోశావని అడిగాడు. మామయ్య గర్వంగా మందు పేరు చెప్పాడు. ఊడిన మడ్డి అంతా బయటికి రాదని, పెళ్ళలు కట్టి అడుగున నూనె పీల్చే జల్లెడకి అడ్డం పడుతుందని, ఇంజన్ కింద నూనె తొట్టె విప్పి కడిగేదాకా కారు ఇక్కడే వదిలిపెట్టాలని మెకానిక్ అన్నాడు. మామయ్య పెళ్ళి ఎల్లుండి అన్నాడు. అయితే బస్సులో పో అన్నాడు మెకానిక్. పెళ్ళయ్యాక తెస్తానని మామయ్య తాళాలు తీసుకున్నాడు. ఊళ్ళో నెమ్మదిగా తిప్పుకుంటే తిరుగుతుందేమో గానీ కొండ ఎక్కితే ఏమవుతుందో తను చెప్పనని, చెప్పినా నీకు ఎక్కదని అనేసి మెకానిక్ లోపలికి వెళ్ళిపోయాడు.

పెళ్ళి రోజున అమ్మా నేనూ హోటలు వాళ్ళ బస్సులో పొద్దున్నే కొండెక్కేశాం. మా వెనకాల దారిలో జరిగింది మామయ్య తర్వాత నాకు పూసగుచ్చినట్టు చెప్పాడు.

అత్తయ్య మెట్లు దిగి వచ్చింది. చేతిలో మడతపెట్టిన దుప్పటి ఉంది. దాన్ని సీటు మీద పరిచి, అంచులు సర్ది, అప్పుడు కూర్చుంది. కొత్త బట్టలు కదా, జాగ్రత్తపడింది అని మామయ్య నాతో అన్నాడు. అద్దం పూర్తిగా దించమంది. కొండ గాలి ఒంటికి మంచిది కదా అని దానికీ ఆయనే సర్దిచెప్పాడు.

ఊరు దాటేదాకా ఆవిడ నోరు విప్పలేదు. ఊరి చివర సిగ్నల్ దగ్గర ఎవరో బండి ఆపి కారుని ఫోటో తీసుకున్నారు. అప్పుడు ఆవిడ అద్దంలో చూసుకుని జుట్టు సరిచేసుకుంది. కొండ దారి మొదలయ్యాక మాటలు మొదలయ్యాయి. చిన్నప్పుడు వాళ్ళ నాన్న కారులో ముందు సీటు కోసం అక్కాచెల్లెళ్ళు జుట్లు పట్టుకునేవాళ్ళట. ఎప్పుడూ అక్కే గెలిచేదట. తను వెనక కూర్చుని, దారంతా అక్క జడ చూసుకుంటూ పోయేదట. ఇన్నేళ్ళలో ఆవిడ ఆయనతో తన చిన్నతనం గురించి చెప్పడం అదే మొదలు. గేరు మార్చాలన్న సంగతి కూడా మరిచిపోయి విన్నానని చెప్పాడు మామయ్య. ఆవిడ ఆయన వైపు తిరిగి నవ్వింది కూడా.

ఒక మలుపు తిరిగేసరికి ముందు పెద్దల్లుడి కొత్త కారు కనబడింది. ఆయన నడుపుతున్నాడు, పక్కన అక్క కూర్చుంది.

"బావగారిని దాటెయ్యండి," అంది అత్తయ్య.

మామయ్య తొక్కాడు. కారు ఒక్కసారిగా ముందుకి దూకింది, అప్పుడే స్టీరింగు వెనక నూనె బొమ్మ ఎర్రగా వెలిగింది. ఆయన దాన్ని చూశాడు. చూడలేదని నాతో అబద్ధం చెప్పొచ్చు, చెప్పలేదు. వెంటనే ఆపాలని తెలుసు, ఆపితే ఆవిడ నవ్వు ఆగిపోతుందనీ తెలుసు. స్టీరింగు మీద చెయ్యి కాస్త జరిపి, ఆ ఎర్ర వెలుగు ఆవిడకి కనబడకుండా అడ్డం పెట్టి, ఇంకా గట్టిగా తొక్కాడు.

పెద్దల్లుణ్ణి దాటేశారు. దాటుతున్నప్పుడు అత్తయ్య కిటికీలోంచి అక్కకి చెయ్యి ఊపి, చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. ఆ పై మలుపులో ఇంజన్ లోపల ఎవరో సుత్తితో బాదుతున్నట్టు చప్పుడు మొదలైంది. ఆ తర్వాతి మలుపు దగ్గర ఇంజను బిగుసుకుపోయింది. కారు రోడ్డు పక్క పిట్టగోడ దాకా జారి ఆగింది, ఆగాక పొగ వచ్చింది.

పెద్దల్లుడి కారు వచ్చి పక్కన ఆగింది. ఆయన అద్దం దించి, అప్పుడే అయిపోయిందా తమ్ముడూ అన్నాడు. వెనక సీటంతా ఖాళీగా ఉంది. అత్తయ్య దిగి వెళ్ళి అందులో కూర్చుంది. మామయ్య కూడా కోటు సర్దుకుంటూ ఆ తలుపు దాకా వెళ్ళాడు. ఆవిడ హ్యాండ్‌బ్యాగ్ తీసి పక్కన ఖాళీగా ఉన్న చోట పెట్టింది.

"కారు దగ్గర ఎవరో ఒకరు ఉండాలి కదా," అంది.

అంతలో ఏదో గుర్తొచ్చినట్టు మళ్ళీ దిగింది. మామయ్యకి ప్రాణం లేచొచ్చింది. ఆవిడ ఎర్ర కారులోంచి దుప్పటి తీసి, దులిపి, మడతపెట్టుకుని వెళ్ళిపోయింది.

పైన హోటల్లో నాకు ఇవేవీ తెలియవు. అత్తయ్య ఒక్కతే రావడం చూసి, మామయ్య ఏడీ అని అడిగాను. షాపులో అర్జెంటు పని పడింది, రాలేకపోయారు అంది, నా కళ్ళలోకి చూస్తూ, తడుముకోకుండా. పక్కనే పెద్దల్లుడు ప్లేటు పట్టుకుని పైకప్పు అందాలు చూస్తున్నాడు. నేను నమ్మాను. నమ్మి మామయ్య మీదే మండిపడ్డాను. దిక్కులేని ఇస్త్రీ ఆవిడ పొట్ట కొట్టి, నెలల తరబడి ఆ సీటు తోముకుని, తీరా రోజు వస్తే షాపు ముఖ్యమైందా అనుకున్నాను. మధ్యాహ్నం అల్లుళ్ళందరినీ వరసగా నిలబెట్టి ఫోటోలు తీశారు. చిన్నాయన ఏడని ఒక్కరూ అడగలేదు. నేను చెవులు రిక్కించుకుని మరీ విన్నాను.

భోజనాలయ్యాక బస్సు కిందికి బయల్దేరింది. హోటలు ఇంకా కనబడుతుండగానే, మలుపులో ఎర్ర కారు. పక్కన పిట్టగోడ మీద మామయ్య, కోటు గుండీలన్నీ పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. నేను బస్సు ఆపించి దిగాను. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, దిగలేకపోయింది. ఆగడం కుదరదని డ్రైవరు బస్సు తీసేశాడు. అమ్మ కిటికీలోంచి తమ్ముణ్ణి చూస్తూనే వెళ్ళిపోయింది.

అక్కడే నాకు జరిగిందంతా చెప్పాడు. అత్తయ్య చప్పట్లు కొట్టిన దగ్గర ఆగి, దాన్ని రెండోసారి చెప్పాడు. ఇంత దగ్గర్లో హోటలు పెట్టుకుని నడిచి ఎందుకు రాలేదంటే, ఆవిడ ఎవరినో ఒకరిని పంపుతుందనుకున్నానన్నాడు. నాకు ఫోను ఎందుకు చేయలేదంటే, పంపుతుంది కదా అని అన్నాడు. పొద్దుట్నుంచి ఆయన పచ్చి మంచినీళ్ళు కూడా తాగలేదు.

"పైన నా గురించి ఎవరైనా అడిగారా?"

"నేను అడిగాను."

"నువ్వు సరేలే. వాళ్ళు?"

ఎవరూ అడగలేదని చెప్పాను. అత్తయ్య నాతో ఏమందో కూడా పొల్లు పోకుండా చెప్పాను. ఆయనకి కోపం రావాలని చెప్పాను. బతుకులో ఒక్కసారైనా, ఆ ఇంటి మీద, ఆ మనిషి మీద కోపం వస్తే చూడాలని నా ఆశ.

"కారు చెడిపోయిందని చెప్పలేదన్నమాట. నా పరువు కాపాడింది," అన్నాడు.

ఆయన మొహంలో నిజంగానే సంతోషం కనబడింది. నాకు ఆ కారుని లోయలోకి తోసేయాలనిపించింది, దాంతోపాటు ఆయన్ని కూడా.

ఈలోగా పైనుంచి పెళ్ళివాళ్ళ కార్లు దిగుతున్న చప్పుడు వినబడింది. మామయ్య గబగబా డిక్కీ తెరిచి, తను కుట్టించిన బూడిదరంగు కవరు తీశాడు. ఓ చెయ్యి వెయ్యమన్నాడు. ఇద్దరం కలిసి కారుని నిండా కప్పాం. షాపులో ఉన్నవాడు ఇక్కడ కనబడితే మీ అత్తయ్య మాట పోతుంది, నువ్వూ ఇటు రా అని, కారుకీ పిట్టగోడకీ మధ్య సందులో మట్టిలో చతికిలబడ్డాడు. కోటు మీద చిన్న నలక పడితే ఊరుకోని మనిషి. నేను వెళ్ళలేదు. రోడ్డు అంచునే నిలబడ్డాను, కనబడాలనే నిలబడ్డాను.

నాలుగైదు కార్లు వెళ్ళాక పెద్దల్లుడి కారు వచ్చింది. అత్తయ్య నన్ను చూసింది. కవరు కప్పిన కారుని చూసింది. తల తిప్పుకుని అవతలి వైపు కొండని చూడసాగింది. కారు వేగం తగ్గలేదు.

"వెళ్ళిపోయారా?" అని మామయ్య కింద నుంచి అడిగాడు.

వెళ్ళిపోయారన్నాను.

"మీ అత్తయ్యకి వెనక సీట్లో ఇరుకుగా లేదు కదా?"

"వెనక కూర్చోలేదు మామయ్యా. వెనక వాళ్ళక్క కూర్చుంది. అత్తయ్య ముందు కూర్చుంది, ఆయన పక్కన."

ఆ తర్వాత చాలాసేపు ఆ రోడ్డు మీద కార్లేవీ రాలేదు. అయినా ఆయన లేచి బయటికి రాలేదు.